లేదన్న జవాబుకు నేను పెట్టిన టిక్కు

లైబ్రరీలో పరుగెత్తకూడదని ముప్పై మూడేళ్లు పిల్లలకు చెబుతూ వచ్చినవాణ్ణి, ఒక బుధవారం ఉదయం పదకొండుంపావుకు నేనే పరుగెత్తాను. రీడింగ్ హాల్లో చదువుకుంటున్నవాళ్లంతా తలలెత్తి చూశారు. టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ రోజు డైరీ ఇప్పుడు నా ముందే ఉంది. "11.15. అటక దగ్గరికి పరుగు. మోకాలు నొప్పి లేదు" అని రాసుకున్నాను. మోకాలి సంగతి ఎందుకంటే, అంతకు ముందు రెండు నెలలుగా రోజూ దాని గురించే రాస్తున్నాను. ఆ పూట మాత్రం అది నాకు గుర్తు రాలేదు.

ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కళాశాలలో లైబ్రేరియన్‌గా చేసి పోయినేడు రిటైరయ్యాను. ఇప్పుడు ఈ ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటి చిన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. అవి డైరీలో ఉన్నాయి, అక్కడే ఉండనిస్తాను.

నా సర్వీసు ఇంకో ఏడెనిమిది నెలలు ఉందనగా మా రీసెర్చ్ డేటాబేసులోకి ఏఐ వచ్చింది. డేటాబేసంటే, వేలాది పత్రికల్లో వచ్చిన పరిశోధన వ్యాసాల్నీ, సిద్ధాంత గ్రంథాల్నీ ఒకేచోట వెతుక్కునే ఏర్పాటు. అంతవరకూ రెండు మూడు మాటలు కొడితే వందల శీర్షికలు వచ్చి మీద పడేవి. వాటిలో పనికొచ్చేవి ఏరుకోవడానికే వారాలు పట్టేది. కొత్త పద్ధతిలో మామూలుగా మనిషిని అడిగినట్టు ప్రశ్న అడగవచ్చు. అది ఐదు రచనల్ని ఏరి, వాటి సారాంశాలు చదివి, చిన్న జవాబు రాసి, ఏ వాక్యం ఎందులోనిదో అంకె వేసి చూపిస్తుంది.

మొదటి రోజు నా వెనక నిలబడి చూసింది మా అటెండరు. నాకంటే రెండేళ్లు చిన్న, నాతో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో నంబరు లేకుండా అట్ట రంగును బట్టి చెప్పగలడు.

"నేనొకటి అడగొచ్చా సార్?" అన్నాడు.

"అడుగు."

"టమోటా ఆకు ఎందుకు ముడుసుకుంటాదో చెప్పమను."

నేను తెలుగులోనే కొట్టాను. తెల్లదోమ గురించి, అది మోసే వైరస్ గురించి తెలుగులోనే నాలుగు వాక్యాలు వచ్చాయి. కింద ఐదు వ్యాసాల పేర్లు. అటెండరు ముందుకు వంగి రెండుసార్లు చదివాడు.

"మా బామ్మర్ది కంటే నయం సార్ ఇది. వాడు ఎరువుల అంగడి పెట్టుకోని గూడ ఇంత ఇవరంగా చెప్పడు. అడిగితే రెండు డబ్బాలు చేతిలో పెడతాడు."

నాకు చెప్పలేనంత ఉత్సాహంగా ఉంది. కార్డులు తిరగేసే రోజుల్లో ఉద్యోగంలో చేరినవాణ్ణి. ఇంటికెళ్లి భోజనం దగ్గర మా ఆవిడకు పది నిమిషాలు వర్ణించాను. అంతా విని "పెరుగు వేసుకోండి" అంది.

మర్నాడు దాన్ని పరీక్షించాను. ఒకే ప్రశ్నను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ జవాబు మాటలు మారాయి. మూడోసారి ఐదు వ్యాసాల్లో రెండు కూడా మారాయి. ఇంకో సంగతి గమనించాను: అది వ్యాసం మొదట ఉండే సారాంశాన్నే చదువుతుంది, లోపలి పేజీల జోలికి పోదు. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. అది చూపించిన ప్రతి వ్యాసానికీ ఒక చీటీ రాయాలి. ఆ వ్యాసాన్ని తెరిచి, చెప్పిన మాట అందులో ఉందని కంటితో చూశాకే చీటీ మీద ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాలి. టిక్కు లేని చీటీ పరిశోధకుల చేతికి ఇవ్వకూడదు.

ఈ పద్ధతి మొదట ఉపయోగపడింది జమ్మలమడుగు నుంచి వచ్చే ఒక పరిశోధకురాలికి. అక్కడ జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతూ, మా కళాశాల పరిశోధన కేంద్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. మధ్యాహ్నం క్లాసులు అయిపోగానే బస్సెక్కి వచ్చేది. పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఎందుకు ఎండిపోతున్నాయి, బోరునీళ్లలో పెరిగే ఉప్పుకూ దానికీ సంబంధం ఎంత, ఇదీ ఆమె విషయం. మూడు ఎండాకాలాలు తోటతోటకూ తిరిగి నీళ్లు పట్టి తెచ్చింది. పని బాగా చేసింది కానీ గడువు దాటిపోయింది. విశ్వవిద్యాలయం రెండుసార్లు పొడిగించి, ఇక కుదరదంది. ఆ సెప్టెంబరు నెలాఖరులోగా కమిటీ ఆమోదించి, గైడు సంతకం చేసిన ఫారం చేరకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆరేళ్ల పని వృథా.

గైడు మా బాటనీ విభాగాధిపతి. కఠినమైన మనిషి, నిజాయితీపరుడు. "నీకంటే ముందు ఎవరెవరు ఏం చేసినారో రాసిన అధ్యాయం శానా పలచగా ఉంది. అది నిండితేనే కమిటీ పెడతా" అన్నాడు. ఏఐ సంగతి చెబితే నా వైపు అనుమానంగా చూశాడు.

"ఏమప్పా, అది పుట్టిచ్చి చెప్తాదంట గదా, లేని పుస్తకాల పేర్లు?"

"ఇది డేటాబేసులో ఉన్నవే చూపిస్తుంది సార్. పైగా ఒక్కొక్కటీ నేను తెరిచి చూస్తాను" అన్నాను.

"నువ్వు చూస్తే సరే. నువ్వు చూడంది నా దగ్గరికి తేవద్దు."

ఆ తర్వాతి పదకొండు రోజులు నా ఉద్యోగ జీవితంలోకెల్లా సంబరంగా గడిచినవి. ఆమె ప్రశ్న చెప్పేది, నేను కొట్టేవాణ్ణి. ఎక్కడెక్కడి దేశాల్లోనో నారింజ జాతి తోటలకు ఉప్పునీరు పెట్టినవాళ్లు ఇదే బాధ పడ్డారని తెలిసింది. ఆకు అంచు మాడటం, కొమ్మ కొస నుంచి ఎండుతూ రావడం, అచ్చం సింహాద్రిపురం తోటల్లో ఆమె చూసినట్టే.

"సార్, ఈళ్లెవరో మన తోటలోకి వచ్చి రాసినట్టుండాది సార్!" అని కుర్చీలోంచి లేచింది ఒకసారి.

"కూర్చోమ్మా, ముందు పేజీ తెరుద్దాం" అన్నాను. అన్నానే కానీ నా చెయ్యీ నిలవడం లేదు. అరవై రెండు చీటీలు రాశాం. యాభై ఏడింటికి టిక్కు పడింది. ఐదింటిలో జవాబు చెప్పిన మాట లోపల లేదు, లేదా వేరే అర్థంలో ఉంది. ఆ ఐదింటినీ పక్కన పెట్టాను. నా నియమం మీద నాకు గర్వం కూడా కలిగింది.

పదకొండో రోజు ఆమె ఆఖరి ప్రశ్న అడిగింది: మన ప్రాంతపు చీనీ తోటల సాగునీటిలో ఉప్పు ఎంతుందో ఇంతకు ముందు ఎవరైనా కొలిచారా? ఈ సేకరణలో అలాంటి అధ్యయనం కనిపించలేదని జవాబు వచ్చింది. మాటలు మార్చి నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ అదే. ఆమె ముఖం వెలిగిపోయింది. ఒక పరిశోధకురాలికి ఇంతకంటే మంచి వార్త ఉండదు. ఈ ప్రాంతంలో ఇదే మొదటి అధ్యయనమని రాసుకోవచ్చు.

నేనొక చీటీ తీసి, "ఈ ప్రాంతంపై పూర్వ పరిశోధన లేదు" అని రాసి, దానికి ఎర్ర టిక్కు పెట్టాను.

చూడండి, మొత్తం అరవై మూడు చీటీల్లో కంటితో చూడకుండా టిక్కు పెట్టింది అదొక్కటే. ఉన్నదాన్ని తెరిచి చూడటం నాకు అలవాటు. లేదన్నదాన్ని ఎక్కడ తెరిచి చూడాలో ఆ క్షణాన తోచలేదు, తోచలేదన్న సంగతి కూడా తోచలేదు. గైడు అధ్యాయం చదివి సంతృప్తిపడి శుక్రవారానికి కమిటీ పెట్టాడు.

బుధవారం ఉదయం ఆ చీటీల కట్టను ఫైలులో సర్దుతుంటే అటెండరు మీది చీటీ చదివాడు.

"ఏంది సార్ ఇది? చీనీ చెట్ల నీళ్ల మీద బుక్కు లేదా?"

"లేదు. నాలుగుసార్లు అడిగాం."

"యాడ అడిగినారు?"

"అందులోనే."

"దానికేం తెలుసు సార్? మన అటక మీద ఎర్రగుడ్డ మూటలో ఉండాది గదా. నల్లట్ట. లోపల బాయిల పటం మడతపెట్టి ఉంటాది. బూజు దులిపినప్పుడల్లా నా మీదనే పడతాది ఆ బుక్కు."

పరుగు అప్పుడే.

ఆ మూట సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల కింద మా కళాశాలలో జమైన పాత పరిశోధన గ్రంథాలన్నిటినీ స్కాన్ చేయించి డేటాబేసుకు పంపే పని నాకు అప్పగించారు. శ్రద్ధగా చేశాను. ఒక్క మూటలోవి మాత్రం కార్బన్ కాపీలు, పెద్దపెద్ద పటాలు మడతపెట్టి కుట్టినవి. స్కాన్ చేసే అతను ఇవి తన మిషనులో పట్టవని పక్కన పెట్టాడు. ఆ రోజు డైరీలో "తొమ్మిది మిగిలాయి, తర్వాత పంపాలి" అని రాశాను. రాస్తే పని అయిపోయినట్టు ఒక తృప్తి ఉంటుంది డైరీ రాసేవాళ్లకు. ఆ తర్వాత వాటిని పంపలేదు. అంటే, లేదని చెప్పింది ఏఐ అయినా, లేకుండా చేసినవాణ్ణి నేను.

నల్లట్ట పుస్తకం మూటలో అడుగునుంది. ముప్పై ఏళ్లకు పైబడిన ఎం.ఫిల్. గ్రంథం. రాసింది సింహాద్రిపురం వైపు హైస్కూలు సైన్సు టీచరు. చీనీ తోటల్లోని ముప్పై రెండు బావుల నీళ్లలో ఉప్పు ఎంతుందో ఊళ్ల వారీగా పట్టికలు వేశాడు. ఆ నీళ్లను గిన్నెలో ఆవిరి చేసి, అడుగున మిగిలిన ఉప్పును తూచాడట. ఆ పట్టికల్ని నిలబడే చదివాను. భయంతో కొంత, ఆనందంతో కొంత. ఏది ఎంతో విడదీసి చెప్పలేను.

పరిశోధకురాలికి ఫోన్ చేశాను. సంగతి చెప్పాను.

"సార్, నేను ఫస్టు అని మా అమ్మకు గూడ చెప్పినా సార్."

"నా తప్పమ్మా."

"ఇప్పుడు నేను సెకండా?" అంతలోనే గొంతు మారిపోయింది. "సార్, ఉండండి ఉండండి. ముప్పై రెండు బాయిలా? ఊర్ల పేర్లుండాయా? అప్పుడెంత, ఇప్పుడెంత అని పక్కపక్కన పెట్టొచ్చు గదా సార్! ఒక్క బస్సుండాది, వస్తాండా!"

వచ్చింది. వచ్చీరాగానే పట్టికల మీద పడింది. ఆ ముప్పై రెండు బావులున్న పొలాల్లో ఆమె నీళ్లు పట్టని చోటు లేదు. ఇద్దరం గైడు గదికి వెళ్లాం. ఆయన పుస్తకం తిరగేస్తూ రెండో అధ్యాయం దగ్గర ఆగాడు. నీళ్లు ఎలా, ఎప్పుడు తీశాడో చెప్పే పేజీలు అవే. నాలుగు పేజీలు చెదలు తిని జల్లెడ అయిపోయి ఉన్నాయి.

"ఏమ్మా, నువ్వు ఏ నెలలో తీస్తివి?"

"మే నెలలో సార్. మూడేండ్లూ మే నెలలోనే."

"ఈయన ఏ నెలలో తీసినాడు? ఎండల్లో ఉప్పు చిక్కబడతాది, వానలు పడితే పలచబడతాది. ఈయన వానల తర్వాత తీసింటే పోల్చినా అర్థం లేదు. అట్లని ఇట్లాంటి పుస్తకం ఉండాదని తెలిసి పోల్చకుండా పంపితే పరీక్షకుడు తిప్పి కొడతాడు. మళ్లీ గడువు ఇచ్చేవాళ్లు లేరు." నా వైపు తిరిగాడు. "మిషను తప్పు చెప్తాదేమోనని నేను భయపడితినప్పా. అది తప్పు చెప్పలా. దాని దగ్గర లేదు, లేదనింది. మనం ఇచ్చింటే గదా ఉండేది?"

నేను తల వంచుకున్నాను. శుక్రవారం పదిన్నరకు కమిటీ కూర్చునే లోపల నెల తేలాలని చెప్పి ఆయన పుస్తకం మా చేతిలో పెట్టాడు.

ఆ టీచరు బతికే ఉన్నాడా అన్నది మొదటి ప్రశ్న. పాత విద్యార్థుల్ని పట్టుకుని అటెండరు అరగంటలో కబురు తెచ్చాడు: ఉన్నాడు, ఊళ్లోనే ఉన్నాడు, గట్టిగా ఉన్నాడు. గురువారం పొద్దున నేను ప్రొద్దుటూరు నుంచీ, ఆమె జమ్మలమడుగు నుంచీ బయల్దేరి పులివెందుల బస్టాండులో కలుసుకున్నాం. సింహాద్రిపురం బస్సులో పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె ఫోనులోనే డేటాబేసు తెరిచింది.

"సార్, ఆయన ఉప్పును తూచినాడు, నేను మీటరుతో నీళ్లలో ఉప్పును బట్టి కరెంటు ఎంత పారతాదో కొలిచినా. రెండూ పోల్చే దారుండాదా అని అడుగుతా."

అడిగింది. ఒక కొలతను రెండోదానిలోకి మార్చే లెక్క ఉందనీ, ఫలానా ఐదు వ్యాసాలు చూడమనీ జవాబు వచ్చింది. ఆ కుదుపుల్లోనే రెండు వ్యాసాలు తెరిపించి, లెక్క ఉన్న పేజీని ఆమె వేలు పెట్టి చూపించేదాకా నేను ఒప్పుకోలేదు. లెక్క ఉంది. పక్కసీటు పెద్దావిడ "పరీచ్చకు పోతాండారా?" అని అడిగింది. అవునన్నాను.

టీచరుది ఊరి చివర మిద్దె. మేం చెప్పిందంతా విని, పుస్తకం చేతిలోకి తీసుకుని, అట్టను అరచేత్తో తుడిచాడు.

"నా కాపీ ఒకాయన చూసిస్తానని తీసకపాయ. ఇంగ చూసిందీ లేదు, ఇచ్చిందీ లేదు. ఇది ఒకటుండాదని నేనే మర్చిపోతి. ఆ మిషనుకు నేను తెలుసునా అప్పా?"

"తెలీదు సార్. నేను చెప్పలేదు దానికి."

"పోనీలే, మా ఊర్లోనే సగంమందికి తెలీదు."

ఏ నెలలో నీళ్లు తీశారని ఆమె అడిగింది. ఆయన చెప్పే మాటను రాసుకోవడానికి పెన్ను పట్టుకుని ముందుకు వంగింది.

"శ్రావణం పోయినాక. గండి గుళ్లో శ్రావణ శనివారాలు చూసుకోని వచ్చి మొదలుపెట్టినా. బాగా గుర్తుండాది."

ఆమె పెన్ను ఆగిపోయింది. శ్రావణం పోయాకంటే వానలు పడ్డాకే.

లోపలినుంచి ఆయన భార్య బయటికొచ్చింది. "ఏం మాటలు మాట్లాడతాండావు నువ్వు? శ్రావణంలో బడి ఉంటే యాడ పోతావు? ఎండాకాలం సెలవులిస్తానే సైకిలుకు సీసాల సంచి తగిలిచ్చుకోని పోలా? వడదెబ్బ తగిలి మూడు దినాలు పడుకుంటివి, మజ్జిగ పోసి లేపితి."

"అది వేరే ఏడు."

"ఏ వేరే ఏడు? పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు!"

"నీకు అన్నీ పెద్దోడు కడుపులో ఉన్నప్పుడే జరిగినాయి."

పరిశోధకురాలు తల పట్టుకుంది. ఇద్దరూ గట్టిగానే చెబుతున్నారు, ఇద్దరి ముఖంలోనూ అబద్ధం లేదు. మాట సాక్ష్యం గైడు ఒప్పుకోడని నాకు తెలుసు. రాత కావాలి.

"నోటు పుస్తకం ఏమైనా రాశారా సార్?" అని అడిగాను.

"పటంలోనే రాసినా. కింద మూలలో. బాయి నంబరు, తేదీ."

పటం నేను చూశాను. కింద మూల తెరుచుకోలేదు. ఎప్పటిదో జిగురు కరిగి ఆఖరి మడత అతుక్కుపోయి ఉంది. చినుగుతుందని భయపడి బుధవారం నేనా మడత జోలికే పోలేదు. ఆ మాటే చెప్పాను.

"దానికేముండాది? ఇట్ల ఇయ్యి" అని ఆయన భార్య పుస్తకం నా ఒళ్లోంచి తీసుకుంది. పొయ్యి మీద కాఫీకి నీళ్లు మరుగుతున్నాయి. ఆ మడతను ఆవిరి మీద పట్టింది. పుస్తకాల దగ్గరికి మంచినీళ్ల సీసా కూడా రానివ్వని మనిషిని నేను. ఆపబోయి రెండు చేతులూ చాచాను.

"ఇండియన్ ఇంకు అప్పా, చెదరదు" అన్నాడు టీచరు నా ముఖం చూసి.

చీర కొంగుతో అద్దుతూ, మళ్లీ ఆవిరి చూపుతూ, అతుక్కున్న పచ్చి అప్పడాలు విడదీసినంత నెమ్మదిగా ఆ మడత విప్పిందావిడ. పరిశోధకురాలు ఆవిడ భుజం మీదుగా చూస్తోంది. ముందుగా చదివింది ఆమే.

"ఒకటో బాయి, మే. రెండు, మే. మూడు, మే. సార్! ఏప్రిల్... మే... మే..." చదువుతూ చదువుతూ వంటింట్లోనే ఎగిరింది. ఇరవై ఆరు బావులు ఏప్రిల్, మే నెలల్లో తీసినవి. ఆరు సెప్టెంబరులో.

"చూస్తివా!" అంది భార్య.

"చూస్తివా!" అన్నాడు భర్త.

ఆయనకూ గుర్తొచ్చింది. ఆ ఆరు బావులూ ఎండల్లో అడుగంటాయి. వానలు పడి నీళ్లూరాక మళ్లీ వెళ్లి తెచ్చాడు. శ్రావణ శనివారాల తర్వాత వెళ్లింది వాటికే. ఇద్దరి మాటా నిజమేనని తేలాక కాఫీలో చక్కెర ఎక్కువే పడింది.

ఇరవై ఆరు చాలు, ఆరింటిని వదిలేసి కారణం రాస్తానంది పరిశోధకురాలు. వచ్చేటప్పుడు టీచరు ఆ ఆరు బావుల పేర్లూ ఇంకోసారి చదివించుకుని విన్నాడు. ఎందుకో మేం అడగలేదు.

శుక్రవారం కమిటీలో గైడుతోపాటు బయటి కళాశాలల నుంచి వచ్చిన ఇద్దరు ప్రొఫెసర్లు కూర్చున్నారు. ఆమె లేచి, "ఇదే మొదటి అధ్యయనమని నా అధ్యాయంలో ఉన్న వాక్యాన్ని కొట్టేస్తున్నాను. ఇది రెండోది" అని మొదలుపెట్టింది. ముందే ఎందుకు కనుక్కోలేదని ఒక ప్రొఫెసరు ఆమెను నిలదీయబోతే నేను లేచాను. ఏం జరిగిందో చెప్పి, నా చీటీ బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎర్ర టిక్కు అంటే కంటితో చూసినట్టు అంటున్నారు. లేనిదాన్ని కంటితో ఎట్లా చూశారండీ?"

"అక్కడే సార్ తప్పింది" అన్నాను.

మీకు చెప్పదలచుకున్నదీ అంతే. ఆ సాధనాన్ని వాడండి, నేను ఇప్పటికీ వాడతాను, దానిలాంటి తోడు నా ముప్పై మూడేళ్లలో దొరకలేదు. అది "ఉంది" అంటే ఆ పేజీ తెరవండి. "లేదు" అంటే ఇంకా ఎక్కువ పనుంది: దాని దగ్గరికి ఏమేం చేరలేదో, ఎవరు చేర్చలేదో కనుక్కోండి. మీ అటకలు చూడండి. ముఖ్యంగా బూజు దులిపే మనిషిని అడగండి.

ఇక కమిటీలో, ఆమె ఇరవై ఆరు బావుల పట్టిక చూపించింది. బావులు పూడిపోయాయి కనుక పక్కనున్న బోర్లతో పోల్చానని, అదొక పరిమితి అని తానే చెప్పింది. ప్రొఫెసర్లు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. గైడు ముందు ఫారం ఉంది, పెన్ను మూత తీసి లేదు.

"ఆరు బావులు వదిలేస్తే, అదీ ఎండల్లో అడుగంటిన వాటిని వదిలేస్తే, బాగున్న వాటినే ఏరుకున్నట్టు కాదా?" అన్నాడు రెండో ప్రొఫెసరు.

ఆమె పటం విప్పి ఆ ఆరు బావుల తేదీలు మళ్లీ చూసుకుంది. అప్పుడు అటెండరు తలుపు సందులోంచి తల పెట్టాడు.

"సార్, సింహాద్రిపురం నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు. సంచిలో ఆరు సీసాలుండాయి."

"సీసాలేంది?" అన్నాడు గైడు.

"నీళ్లే సార్. మూత తీసి వాసన చూసినా."

టీచరు లోపలికొచ్చాడు. చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. సీసాలు ఒక్కొక్కటే బల్ల మీద వరసగా పెట్టాడు. ఒక్కో సీసాకు దారంతో కాగితం ముక్క కట్టి, ఊరు, బావి నంబరు రాశాడు.

"ఇది సెప్టెంబరే గదా. అప్పుడు ఆ ఆరూ సెప్టెంబరులో తీస్తి. ఇప్పుడు గూడ సెప్టెంబరులో తీస్తే సరిపోతాది గదా అని నిన్న మీరు పోయేటప్పుడే తట్టింది. ఎవురినో బతిమాలి బండెక్కి సాయంత్రం మూడు, ఈ పొద్దున మూడు పట్టకొస్తి. బాయిలు లేవు, పక్కన బోర్లవి. సరేనా?"

గైడు లేచి ల్యాబులోంచి మీటరు తెచ్చాడు. తానే సీసా మూత తీసి, గ్లాసులో పోసి, మీటరు ముంచి అంకె చదివాడు. ఆమె రాసుకుంది, బస్సులో తేల్చుకున్న లెక్కతో మార్చి పాత అంకె పక్కన పెట్టింది. ఒకటి, రెండు, మూడు. ప్రతిసారీ పాతదాని కంటే పెద్దది. మేమంతా బల్ల చుట్టూ వంగి నిలబడ్డాం. ఐదో సీసా దగ్గర టీచరు మెల్లగా, "ఈ బాయి నీళ్లు దోసిలిపట్టి తాగినా నేను. సైకిలు దిగి" అన్నాడు. ఆ అంకె అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. ఆరోది కూడా అయిపోయాక ప్రశ్న వేసిన ప్రొఫెసరు, "నాకు ఇంకేం లేవు" అని కూర్చున్నాడు.

గైడు నిలబడే ఫారం మీద సంతకం చేశాడు. ఆమె రెండు చేతులతో అందుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, రెండూ కావచ్చు.

"ఇంగ సీసాల చీటీలు నింపాల. తీసినవాళ్ల సంతకం లేకుంటే ల్యాబులో పెట్టుకోను" అని గైడు ఆరు చీటీలు టీచరు ముందు పెట్టాడు.

టీచరు కళ్లద్దాలు సవరించుకుని మొదటి చీటీ మీద పేరు రాశాడు. పెన్ను ఎత్తి కాస్త ఆలోచించి, పేరు పక్కన ఎం.ఫిల్. అని రాశాడు. అంత చదువు చదివి హైస్కూల్లోనే రిటైరైన మనిషి, దాన్ని చివరిసారి ఎప్పుడు రాసుకున్నాడో ఏమో, చుక్కలు ఎక్కడ పెట్టాలో మా వైపు చూసి అడిగాడు. గైడు వేలితో చూపించాడు. ఆ తర్వాత మిగిలిన ఐదింటి మీదా అలాగే రాశాడు. ఫ్యాను గాలికి చీటీలు ఎగరకుండా పరిశోధకురాలు అరచెయ్యి ఆనించి పట్టుకుంది. కమిటీకి బస్సు టైము అవుతోంది, అయినా ఎవరూ ఆయన్ను తొందరపెట్టలేదు.